రెండుసార్లు తట్టిన తలుపు

పిన్ని తన ఇంటి తలుపు తానే రెండుసార్లు తడుతుంది. ఒక్క ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, అప్పుడు తాళం తీస్తుంది.

పరాయి దేశంలో మొదటి పదకొండేళ్ళూ వాళ్ళు ఇతరులతో పంచుకున్న గదుల్లోనే గడిపారు. తాళంచెవి ఉంది కదా అని తోసుకుపోవడానికి లేదు. లోపల ఎవరో బట్టలు మార్చుకుంటూ ఉండవచ్చు, పసిపాపను నిద్రపుచ్చుతూ ఉండవచ్చు. అలా ఏడు ఇళ్ళు మారాక నాలుగో అంతస్తులో రెండు గదులు వాళ్ళకే విడిగా దొరికాయి. చెయ్యి మాత్రం పాత అలవాటు మానలేదు.

"సొంతింటికి చుట్టంలా వస్తావేంటే? చేతిలో పళ్ళు కూడా పట్టుకురా," అని బాబాయి ఏడిపించేవాడు.

పిన్ని బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. పెదాల మధ్య గుండుసూదులు బిగించి, ఆ సందుల్లోంచే కస్టమర్లతో మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయి త్వరగా ఇంటికి వచ్చింది. బాబాయి పనిలో ఉన్నాడు, కూతురు బడిలో ఉంది. అయినా రెండుసార్లు తట్టింది.

"ఎవరూ?"

లోపలి నుంచి ఒక ఆడగొంతు. మన భాషే. పెదాల మధ్య సూదులు పెట్టుకుని అన్నట్టుంది.

"ఇల్లు తప్పానండీ, ఏమీ అనుకోకండి," అని పిన్ని గబగబా మెట్లు దిగిపోయింది. వీధిలోకి వచ్చాక గానీ తాను ఇల్లు తప్పలేదని గుర్తుకు రాలేదు.

సాయంత్రం బాబాయి వచ్చి తలుపు తీశాడు. ఎవరూ లేరు. గడప లోపల ఒక గుండుసూది పడి ఉంది.

"నీ బట్టలకి అంటుకొచ్చిందేలే."

"పొద్దున ఊడ్చే వెళ్ళాను కదా."

భోజనాల దగ్గర పిన్ని ఇల్లు మారదామంది. కూతురు తినడం ఆపింది.

"నాకు స్నేహితురాలంటూ దొరికింది ఈ బళ్ళోనే. మళ్ళీ మూటలు కడితే నేను రానమ్మా. ఎవరుంటే ఏం, వాళ్ళనీ ఉండనీ."

మర్నాడు పిన్ని కావాలనే ముందుగా వచ్చి తట్టింది.

"ఎవరూ?"

పిన్ని మెట్లకేసి చూసింది.

"నేనే. ఈ ఇంటిదాన్ని."

లోపల సూదులు ఒక్కొక్కటే రేకు డబ్బాలో పడుతున్న శబ్దం. నోరు ఖాళీ అయ్యాక ఆ గొంతు స్పష్టంగా పలికింది. అది పిన్ని గొంతే.

"ఇంతాలస్యమా? రా."

పిన్ని తాళం తీసి లోపలికి వెళ్ళింది.

వాళ్ళు ఆ ఇంట్లో ఉండబట్టి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పిన్ని పని నుంచి రాగానే రెండు గ్లాసుల టీ పెడుతుంది. బాబాయి టీ తాగడు.