గొంతు మాత్రల పాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో యుద్ధం చూస్తున్నాను. చూస్తున్నాను అనడం కంటే భరిస్తున్నాను అనడం నయం. వార్తలు చదివే అబ్బాయి సరిహద్దులో తనే నిలబడినట్టు కేకలు పెడుతున్నాడు. వెనకాల సైరన్లు, మంటలు. అతనేదో ముఖ్యమైన సంగతి చెప్పబోతుండగా తెర మారిపోయి దగ్గు మందు ప్రకటన వచ్చింది. ఎవరో అమ్మాయి తీయగా పాడుతూ సీసా చూపించింది. నాకు నవ్వు ఆగలేదు. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, యుద్ధం వార్తలకి నవ్వేమిటత్తయ్యా అంది. యుద్ధానికి కాదమ్మా, మా పెదనాన్నకి, అన్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది కదా, నా వంక కొంచెం అనుమానంగా చూసి వెళ్లిపోయింది. పోతే పోయాడు. ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు.

మాది గజపతినగరం. వరి, చోళ్లు, నువ్వులు పండించుకునే ఇల్లు. నాన్న పోయాక అమ్మా నేనూ పెదనాన్న చెయ్యికిందే ఉండేవాళ్లం. చెయ్యికింద అంటే నిజంగా చెయ్యికిందే, ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలిసేది కాదు. వీధి మొత్తానికి రేడియో మా ఇంట్లోనే ఉండేది. అద్దాల బీరువాలో దేవుడి పటాలకి పై అరలో దాన్ని పెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదని శాసించాడు. వాల్వుల రేడియో. మీట నొక్కగానే మాట్లాడేది కాదు. లోపల వేడెక్కాలి, గురగురమనాలి, పసుపు దీపం వెలగాలి, ఆ తర్వాత ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు మాట వినిపించేది. పాటలూ ప్రకటనలూ వచ్చే వాణిజ్య ప్రసారాలంటే ఆయనకి ఒళ్లు మంట. దాన్ని సబ్బుల స్టేషను అనేవాడు. ఆడపిల్లలు అది వింటే చెడిపోతారని ఆయన గట్టి నమ్మకం.

ఆ ఇంట్లో నిజంగా పాడగలిగిన మనిషి మా మేనత్త. చిన్నప్పుడు విజయనగరంలో మేనమామ గారింట్లో ఉండి సంగీతం నేర్చుకుంది. చల్ల చిలుకుతూ ఆమె పాడితే నేను బడికి వెళ్లడం మరిచిపోయేదాన్ని. ఒకరోజు ఆమె గురువుగారు అంత దూరం నుంచి బస్సులో వచ్చి మా అరుగెక్కారు. రేడియో వాళ్లు కొత్త గొంతులని పరీక్ష చేసి తీసుకుంటున్నారట, ఈ పిల్లకి తప్పకుండా వస్తుంది, నేనే దగ్గరుండి తీసుకెళ్లి తీసుకొస్తాను అన్నారు. అత్త లోపల రుబ్బురోలు దగ్గర చెయ్యి ఆపి వింటోంది. పక్కనే నేనున్నాను. పెదనాన్న ఇంత మజ్జిగైనా ఇమ్మని కేకేయకుండా, నెమ్మదిగా అన్నాడు.

"దాని గొంతు పోనాదండి. జొరమొచ్చి పోనాది. ఇంక పాడనేదు."

గురువుగారు, అయ్యో తల్లీ అని ఎవరితోనూ కాకుండా అనుకుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. అత్త బయటికి రాలేదు, ఏడవలేదు, పప్పు రుబ్బడం పూర్తి చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. పేరంటాళ్లు హారతి పాట పాడమంటే, నాకు గొంతు లేదుట, అన్నయ్యనడగండి అనేది. ఆయన తెచ్చిన సంబంధాలన్నిటికీ అడ్డంగా తల ఊపింది. కొన్నేళ్లకి, బెజవాడలో ఉన్న తన చెల్లెలి కాన్పుకి సాయం వెళ్లి, కొన్నాళ్లుండి వచ్చింది. వచ్చినప్పటి నుంచి వంటింట్లో తనలో తనే నవ్వుకుంటూ ఉండేది. దేనికో మాకెవరికీ తెలియలేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. విశాఖలో ఓడలున్నాయి కాబట్టి విమానాలు వస్తాయనీ, దారిలో మన ఊరి మీద కూడా ఒకటి వదిలి వెళ్తాయనీ పెదనాన్న వీధి వీధంతా తిరిగి చెప్పాడు. కిటికీలకి నల్ల కాగితాలు అంటించారు. ఆయనకి అదీ చాలలేదు. రేడియో పసుపు దీపం పైన విమానంవాడికి కనబడుతుందని భయం పట్టుకుంది. దాని అద్దానికి కూడా నల్ల కాగితం అంటించమని అత్తకి పురమాయించాడు. రేడియో మీద చెయ్యి వెయ్యడానికి ఆమెకి అనుమతి దొరకడం అదే మొదలు. ఆమె మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, ముందు స్టేషన్లు చూపించే ముల్లుని తీసుకెళ్లి సబ్బుల స్టేషను మీద నిలబెట్టి, ఆ తర్వాత అద్దం మొత్తం మూసేసింది. గోరుతో గీకినా ఊడనంత గట్టిగా అంటించింది.

మర్నాడు ఆదివారం. వార్తలకని వీధి వీధంతా మా వసారాలో కూర్చుంది. పెదనాన్న మీట నొక్కాడు. గురగురమని, భక్తి పాట వచ్చింది. ఆ తర్వాత పళ్లపొడి, తలనూనె, శ్రోతలు కోరిన పాటలు, మధ్యలో యుద్ధం వార్తలు, మళ్లీ చీరల దుకాణం. ఆయన మొహం చిట్లించాడు గానీ చేసేదేముంది. ముల్లు తిప్పితే కాగితం వెనక ఎక్కడికి పోతుందో తెలీదు. కాగితం చింపుదామంటే, మా ఇంట్లో రేడియో దీపం కూడా కనబడనియ్యలేదని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. ఆపితే మళ్లీ వేడెక్కేలోగా ముఖ్యాంశాలు పోతాయి. అన్ని వైపుల నుంచీ ఇరుక్కున్నాడు. సబ్బుల స్టేషను అంత హాయిగా విన్న ఆదివారం నాకు మరొకటి లేదు.

మధ్యాహ్నం వార్తలకి ముందు తంబురా శ్రుతి వినిపించింది. దాని మీద ఒక ఆడగొంతు ఎత్తుకుంది. గొంతు పోయిందని దిగులు పడకండి, ఈ మాత్ర చప్పరించండి, కోయిలలా కూయండి అని పాట. కూసిన గొంతు మా అత్తది. పెదనాన్న చెయ్యి గబుక్కున శబ్దం తగ్గించే మీట మీదికి వెళ్లింది. మంచం మీద పడుకున్న నాన్నమ్మ, చూపు ఆనని మనిషి, లేచి కూర్చుంది.

"ఒరే, తగ్గించకు. నా పిల్ల పాడతన్నాది, పెంచు."

ఆయన తల్లి మాట ఎప్పుడూ జవదాటలేదు. అదొక్కటే ఆయనలో మంచి. పెంచాడు. తన చేత్తో తనే పెంచాడు. ఆయన బావమరిది, మంచివాడే గానీ నోరు ఆగని మనిషి, అందరూ వినేలా అడిగాడు.

"గొంతు పోనాదని సెప్పినావు కదా బావా, మరిదేటి?"

జవాబు కోసం అందరూ పెదనాన్న వంక చూశారు. అత్త తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒచ్చీసినాదన్నయ్యా. మాత్రలేసుకున్నాను."

ఆ తర్వాత యుద్ధం వార్తలు చదివారు. ఒక్కరూ విన్నట్టు లేదు. చాలాకాలానికి అత్త నాకు అసలు సంగతి చెప్పింది. బెజవాడలో గురువుగారి మరో శిష్యురాలు ప్రకటనల పాటలకి తీసుకెళ్లిందట. సబ్బు పాట ఉంది, తలనూనె పాట ఉంది, రెండూ దీనికంటే మంచి వరసలే. ఏరి కోరి ఇదే తీసుకుందట. ఆ చలికాలమంతా పిల్లలు సంతలో పెదనాన్న వెనక నడుస్తూ ఆ పాట పాడారు. వాళ్లలో అందరికంటే గట్టిగా పాడినదాన్ని నేనే. దెబ్బలు తిన్నాను. మళ్లీ పాడాను.

కానీ రేడియోలో అత్త పాడిన పాట అదొక్కటే. గురువుగారు అది వినకుండానే పోయారు. పెదనాన్న మంచాన పడ్డాక, చివరి రోజుల్లో, అత్తని పిలిచి ఒక్క పాట పాడమ్మా అని అడిగాడు. ఆమె ఆయన తల కింద దిండు సరిచేసింది, చెంచాతో నీళ్లు పోసింది, మూతి తుడిచింది.

"గొంతు పోనాదన్నయ్యా," అంది.

చుట్టూ ఉన్నవాళ్లు, పోయేవాడి మీద ఇంత కక్షా అని ఆమెని తప్పుపట్టారు. నేను పట్టలేదు, ఇప్పటికీ పట్టను. అత్త కూడా పోయింది, ఆ మాత్రలూ రావడం లేదు, ఆ పాట పట్టుకున్న టేపు ఎక్కడా ఉండి ఉండదు. ఇన్నేళ్ల కాలం నా దగ్గర నుంచి అన్నీ తీసుకుపోయింది గానీ, నల్ల కాగితం వెనక నుంచి ఆమె పాడిన ఆ కాసేపు మాత్రం తీసుకోలేకపోయింది, నేనివ్వలేదు.