పడమటి గాలి, నలభై గొర్రెలు

మహబూబ్‌నగర్‌లో పొద్దున ఆరున్నర బస్సు ఏడుంబావుకు కదిలింది. మిరుగు కార్తె వచ్చి పక్షం దాటినా చినుకు లేదు. పడమటి గాలి మాత్రం కన్ను తెరవనివ్వకుండా దుమ్ము కొడుతోంది. నేను బడిలో భూగోళం చెప్పే పంతులును. పదకొండేళ్లుగా నల్లబల్ల మీద కృష్ణానదిని గీస్తున్నానే గాని కళ్లారా చూసింది లేదు. ఆ సిగ్గు పోగొట్టుకుందామని కొల్లాపూర్‌కు టికెట్ కొన్నాను. ఈ దారిన వెళ్లదలచినవారు ఎడమవైపు కూర్చోవడం మేలు. కుడివైపు కూర్చుంటే దుమ్ముతోనే కడుపు నిండుతుంది.

నా పక్కన గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకుని బీరయ్య అనే గొర్రెల కాపరి కూర్చున్నాడు. ఎండాకాలం మేతకని మందను కృష్ణ దాటించి నల్లమల వైపు తోలాడట. అప్పుడు మోకాటి లోతు నీళ్లే. కూతురి పురిటికి ఊరికి వచ్చి, ఇప్పుడు మందను ఇవతలికి తెచ్చుకోవడానికి పోతున్నాడు. భార్య లింగవ్వ అవతలి ఒడ్డున కాచుకొని ఉంది.

"ఏరొస్తే ఇగ దీపావళి దాక అటే సారు. అడివిల తడికి గిట్టలు పుండ్లయి సస్తయి. మాకున్నయి గా నలభై గొర్లే," అన్నాడు.

నాగర్‌కర్నూలులో బస్సు అరగంట ఆగింది. పూరీలు తిన్నాం. వాటికన్నా చాయ నయం. కడుపు నిండితే పంతులుకు పాఠం వస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన బయలుదేరిన గాలి, రేఖ దాటగానే కుడికి తిరుగుతుందనీ, అరేబియా సముద్రం మీద నీళ్లు తాగి పడమటి కనుమలు ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కుమ్మరిస్తుందనీ చెప్పాను. పెద్దింట్లో పళ్లబుట్ట దించేసి, చిన్నింటికి చేతులూపుకుంటూ వచ్చే చుట్టంలా మన పాలమూరుకు వస్తుందన్నాను. బీరయ్య నోరు తెరుచుకుని విన్నాడు. నాకు మరింత ఊపొచ్చింది.

ఒంటిగంటన్నరకు కొల్లాపూర్‌లో దిగగానే అతను ఏటి దారి పట్టబోయాడు. నేనే ఆపాను. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు, వాన లేనిదే ఏరెలా వస్తుంది, రేపు పొద్దున ఇద్దరం కలిసి పోదామన్నాను. ఆ ఎండలో నడవడానికి నాకు బద్ధకమని మాత్రం చెప్పలేదు. అతను గాలి వచ్చే దిక్కుకు రెండుసార్లు చూసి, చదువుకున్నవాళ్ల మాట కాదంటే ఎట్లా అనుకొని, నాతోపాటు సత్రానికి వచ్చాడు.

మర్నాడు ఎద్దుబండి మీద ఏడింటికి రేవు చేరాం. పైన ఆకాశం నిన్నటిలాగే నీలంగా ఉంది. కింద కృష్ణ ఎర్రగా, నురుగుతో, విరిగిన కొమ్మలు మోసుకుంటూ పోతోంది. కృష్ణ పుట్టేది ఆ పడమటి కనుమల్లోనే అని ఏటా పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి. అక్కడ పడ్డ వాన ఎటు పోతుందో నిన్న నాకే తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. బీరయ్య గొంగడి భుజాన వేసుకొని పడవ దగ్గరికి పరుగెత్తాడు.

పడవతను మూడు మార్లు మాత్రమే వేస్తానన్నాడు. తర్వాత పడవ కట్టేస్తాడట. నేనూ ఎక్కాను. అవతల లింగవ్వ మందను నీళ్ల అంచుకు తెచ్చి నిలబెట్టింది. నిన్నటి నుంచీ అక్కడే చూస్తూ ఉందట. నిన్న ఎందుకు రాలేదని మొగుణ్ణి అడిగింది. తప్పు ఈ పంతులుదేనని, మబ్బు లేదని నేనే ఆపానని ఒప్పుకున్నాను.

"మబ్బుతోటి ఏం పని పంతులూ? ఎనిమిది దినాలాయె, గాలి ఆగక కొడ్తాంది. పడమట వాన దంచుతాందన్నట్టే గదా," అని రెండు గొర్రెపిల్లలను నా చంకల్లో పెట్టింది. "జర గట్టిగ పట్టు."

గట్టిగానే పట్టాను. అవి నా అంగీని పావనం చేశాయి. చివరి మారుకు వరద మమ్మల్ని ఫర్లాంగు కిందికి ఈడ్చింది. నడుము లోతులో దిగి, గొర్రెలను ఒక్కొక్కటిగా ఒడ్డుకు ఎత్తాం. లింగవ్వ రెండుసార్లు చూసుకొని, అన్నీ వచ్చాయంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కొల్లాపూర్ చూడదగ్గ ఊరే గాని, వెళ్లినవారు ముందు ఏటికి పోవడం మంచిది. మధ్యాహ్నం బస్సులో తడి ఆరని పంచెతోనే కూర్చున్నాను. పక్కనున్న వేరుశనగ రైతు ఆకాశం చూసి, వాన ఎప్పుడొస్తుందోనని నిట్టూర్చాడు. వారం నుంచి ఆగకుండా పడుతూనే ఉందన్నాను. అతను ఆకాశాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏడ పడుతాంది?"

పంచె అంచు అతని చేతిలో పెట్టాను. వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"ఇవి ఏటి నీళ్లు గదా సారూ?"

"ఔ, అదే వాన," అన్నాను.

అతను మూట తీసుకొని వెనక సీటుకు పోయాడు.