దొర నవ్విన మాట

ఒక్క నవ్వుతో మౌలా సాహెబ్ ఇంగ్లీషు పాఠాలు పోయాయి. కర్నూలు బడికి తనిఖీకొచ్చిన తెల్లదొర చెమట తుడుచుకుంటుంటే, ఆయన ముందుకొచ్చి, "సర్, ది సన్ హ్యాత్ స్మిటెన్ యూ" అన్నాడు. ఎండ తమరిని కొట్టిందని అర్థం. ఆ 'స్మిటెన్' అనే క్రియ పాత ఇంగ్లీషు కావ్యాల్లోనే బతికుంది. అక్కడ దేవుడు శత్రువులను, ఎండ సైన్యాలను అలా కొడతారు. దొర పగలబడి నవ్వాడు. వెంటనే అయ్యవార్లంతా నవ్వారు. వాళ్లలో ఒక్కరికీ ఆ మాట తెలియదు. దొర నవ్వాడు కాబట్టి నవ్వారు. మర్నాటి నుంచి ఇంగ్లీషు ఒక కొత్త బి.ఏ. చేతికి పోయింది. సాహెబ్‌కు ఒకటో తరగతి మిగిలింది.

అంతకుముందు ఆ క్రియ మూడు రూపాలనూ ఆయన ఒంటితో చూపేవాడు. 'స్మైట్' అని చెయ్యెత్తేవాడు, 'స్మోట్' అని బల్ల మీద చరిచేవాడు, 'స్మిటెన్' అంటూ దెబ్బ తిన్నవాడిలా మెల్లగా తల వంచేవాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఇప్పుడు మాసిన షేర్వాణీకి మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గోడల నీడన ఇంటికి నడుస్తాడు. "ఏం సారూ, ఈపొద్దు ఎండ ఎవర్ని కొట్టె?" అని బజారులో కేకేస్తారు. ఆయన తిరిగి చూడడు.

కడసారి కలిసినప్పుడు, ఆ దొర మీద కోపం లేదా అని పాత శిష్యుడు తిమ్మయ్య అడిగాడు.

"కోపం యాడిదప్పా? చిన్నప్పట్నుంచి ఆ బాస చదివితి. ఆ బాసలో పుట్టినోనితో నేను మాట్లాడింది, నా బతుకులో ఆ ఒక్క మాటే."