ఒళ్ళో అరటి పిలక

మా పెరట్లో అరటి పిలక కావాలని ఎవరొచ్చినా ఎందుకని అడగను. దుంపకు తడి గోనె చుట్టి ఇచ్చేస్తాను. ఈ అలవాటు బందరు నుంచి విజయవాడ వచ్చే బస్సులో మొదలైంది.

ఉయ్యూరులో ఒకతను ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో అరటి పిలక. కిటికీ గాలికి లేతాకు చిరగకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. అరటి కనిపిస్తే నా నోరు ఊరుకోదు.

"గోడకి దూరంగా పెట్టండి బాబూ. గుంటలో ఇంత పశువుల ఎరువు వెయ్యండి. పక్కన పిలకలొస్తే ఒక్కదాన్నే ఉంచి మిగతావి తీసెయ్యండి."

కంకిపాడు దాటేదాకా చెబుతూనే ఉన్నాను. అన్నిటికీ తలూపాడు.

"ఇంతకీ ఎక్కడ నాటుతున్నారు?"

"నాటడానికి కాదండీ. మా తమ్ముడు పొద్దున పోయాడు. పెళ్ళి కాలేదు. పెళ్ళి కాకుండా సాగనంపకూడదంట. వాడి చేత్తో దీనికి తాళి కట్టించి తీసుకెళ్తారండి మావాళ్ళు."

పటమట రాగానే అతను లేచాడు. పిలకను భుజానికి ఆనించుకుని, దిగబోతూ ఆగాడు.

"తంతయ్యాక నరికేస్తారంటండి. నరకనియ్యకుండా మా గుమ్మం పక్కన పెడితే బతుకుద్దాండీ?"

"బతుకుతుంది బాబూ. మొదట్లో కాస్త వాడుతుంది, అంతే. రోజూ చూసుకోవాలి."

"మా అమ్మ చూసుకుంటుందిలెండి," అన్నాడు. "కోడలు కదండీ."