పెద్దమ్మ దాచుకున్న ఫోర్కు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ డోన్‌లో మా పెద్దమ్మ దగ్గరే గడిచేవి. పెద్దనాన్న బట్టల వ్యాపారం చేసేవాడట. నేను పుట్టేసరికే పోయాడు. ఆయన మోటారు సైకిల్ కూడా ముక్కలు ముక్కలుగా పోయింది. ఇంజను ఒకరు, చక్రాలు ఇంకొకరు పట్టుకుపోగా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రం మిగిలింది. దాన్ని పెద్దమ్మ ఆయన పాత పంచెలో చుట్టి సామాన్ల గదిలో పెట్టుకుంది.

ఇప్పటి బండ్లకు ఉండేలాంటి ఫోర్కు కాదది. చక్రానికి అటూ ఇటూ దిగే ఇనుప కడ్డీలు, వాటి నడుమ నా చేతికంటే లావైన స్ప్రింగు ఒకటి బయటికే కనిపిస్తూ ఉండేది. పక్కన గుండ్రటి నల్లటి మర. దాన్ని బిగిస్తే బండి ఊగడం తగ్గుతుందట. శుక్రవారం దేవుడి సామాను తోమాక పెద్దమ్మ దీన్నీ విప్పి నూనెగుడ్డతో తుడిచేది. నేను పక్కన కూర్చుని స్ప్రింగు మెలికల వెంట వేలు తిప్పేదాన్ని. అలాంటివి ఇక దొరకవని ఊళ్లో చాలామందికి తెలుసు. అడగడానికి వచ్చేవాళ్లు. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చి పంపించేసేది.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం కడప వైపు మనిషి ఒకాయన వచ్చాడు. ఆయనదీ పెద్దనాన్న బండి లాంటిదే. భార్యను ఎక్కించుకుని మంత్రాలయం పోతుంటే డోన్ దగ్గర స్ప్రింగు విరిగిందట. అక్కడి మెకానిక్ మా ఇల్లు చెప్పి పంపాడు. ఆయన భార్య అరుగు మీద కూలబడి కొంగుతో విసురుకుంటోంది.

ఒక్కసారి చూస్తానని ఆయన అంటే, పెద్దమ్మ మూట తెచ్చి విప్పింది. ఆయన వెంటనే ముట్టుకోలేదు. గొంతుక్కూర్చుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఎక్కడా తుప్పు చుక్క లేదని మురిసిపోయాడు. నల్ల మరను మెల్లగా తిప్పితే అది మెత్తగా తిరిగింది. చిన్నపిల్లాడిలా నావైపు చూసి నవ్వాడు. అప్పుడు అడిగాడు పెద్దమ్మను.

"ఈ బండి మీద అన్న యాడికి పోతాండె అక్కా?"

పెద్దమ్మ ఫోర్కు పక్కనే చతికిలబడింది. చెప్పడం మొదలుపెట్టింది. పెద్దనాన్న సంతలకు బట్టల మూటలు కట్టుకుపోవడం చెప్పింది. కోసిగి దారిలో రాళ్లకు బండి ఎగిరినప్పుడల్లా వెనక్కి తిరిగి, ఉండావా పడితివా అని తనను అడగడం చెప్పింది. చెబుతూ నవ్వింది. పెద్దనాన్న గురించి ఆమె అంతసేపు మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

ఆయన అంతా విని, పంచెను మడతల ప్రకారమే మళ్లీ చుట్టాడు. శానా బాగా పెట్టుకున్నావక్కా అన్నాడు. స్ప్రింగు కావాలన్న మాటే ఎత్తకుండా, బస్సులో పోతాంలే అంటూ లేచాడు. గడప దాటబోతుంటే పెద్దమ్మ పిలిచింది.

"నిలబడప్పా. స్ప్రింగు విప్పుకోని పో. అదైనా మళ్లీ రోడ్డెక్కనీ."

ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు. సాయంత్రం స్ప్రింగు బిగించుకుని ఇద్దరూ బండి మీద మా ఇంటి ముందుకు వచ్చారు. పెద్దమ్మ వీధిలోకి వెళ్లి, ఇంజను నడుస్తుండగానే స్ప్రింగు మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి అదురుతున్నా తియ్యలేదు. బండి మలుపు తిరిగాక లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

అంత ఏడుపు వచ్చేటప్పుడు దాన్నెందుకిచ్చావని నేను కోప్పడ్డాను. ఆమె నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"వచ్చినోళ్లంతా దీన్ని ఇస్తావా అని అడిగినోళ్లే పాపా. మీ పెద్దనాన్న గురించి అడిగినోడు ఈయప్ప ఒక్కడే."

అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. మా ఆయన పోయాక అర్థమైంది. ఎవరైనా తమ ఇంట్లోని వస్తువు ఒకటి ప్రేమగా చూపిస్తే, నేను ముందు దాని మనిషి గురించి అడుగుతాను. మొన్న కర్నూలులో మా మనవడు, ఎవరో అమ్మకానికి పెట్టిన పాత ఫోర్కు ఫోటో ఫోన్‌లో చూపించి, చాలా అరుదైనదని సంబరపడ్డాడు. ఎవరు నడిపిన బండిదిరా ఇది అన్నాను. తెలియదన్నాడు. కాసేపు ఆ ఫోటో వైపే చూసి, కనుక్కుంటా అవ్వా అన్నాడు.