రైల్లో జర్మన్ ప్రొఫెసర్ పాఠం

ఓ జర్మన్ డాక్టరుగారికి పాఠం చెప్పడం నేర్పింది నేనే. అరోరా నుంచి షికాగో వెళ్ళే రైల్లో నా ఎదురుగా కూర్చున్నారు. పక్షవాతంతో పోయిన మాటని మళ్ళీ కూడగట్టుకున్న మెడికల్ ప్రొఫెసరు. జబ్బు తర్వాత ఆయన చెప్పబోయే మొదటి క్లాసు ఆ రోజే.

"మధ్యలో మాట ఆగిపోతే?" అన్నాను.

"వచ్చేదాకా నిలబడతాను. కాస్త నా పాఠం వింటారా?"

గుండె గురించి మొదలెట్టి, ఒకచోట ఇరుక్కుపోయారు. ఆ మాట అందించగలిగీ నోరు మూసుకున్నాను. ఓ స్టేషను దాటాక అదే వచ్చింది. పాఠం పూర్తయింది. చప్పట్లు కొట్టబోతే ఆపారు.

"మా జర్మనీలో విద్యార్థులు వేళ్ళ కణుపులతో బల్ల మీద కొడతారు."

కిటికీ అంచు మీద గట్టిగా కొట్టాను.

అందించగలిగానన్నది కోతే లెండి. నేను రోడ్లు వేయించిన ఇంజనీర్ని, ఆ మాట నాకేం తెలుసు!

ఇప్పుడు మనవరాలు తెలుగు మాట కోసం తడుముకుంటుంటే, తెలిసినా అందించను. దొరికాక బల్ల మీద కొడతాను.