పప్పు ఉడకని ఊళ్లు, మా బాలమణి అత్త

నిన్న పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టీ తాగుతుంటే బాలమణి అత్త కొడుకు శ్రీను ఫోన్ చేశాడు.

వచ్చే వారం సిమ్లా టూర్ ఉంది కదా, సామాన్ల లిస్టు కోసమేమో అనుకున్నాను. "మీ అమ్మ పసుపు ఎంత రాయమందిరా" అని నేనే ముందు అడిగాను.

"అన్నా, అమ్మ సనిపోయింది. టీ ఇద్దామని లేపితే లేస్తలేదు" అన్నాడు.

ఫోన్ పెట్టగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబుతాను, తిట్టుకోండి.
సిమ్లాలో వంట ఎవరు చేస్తారు అని.

ఆ తర్వాతే ఏడుపొచ్చింది. నాచారంలో వాళ్లింటికి ఎట్లా చేరానో గుర్తులేదు.

మా టూర్లకు వచ్చిన మీ అందరికీ బాలమణి అత్త తెలుసు. పేరు తెలియకపోయినా ఆమె పచ్చిపులుసు తెలుసు. మనవాళ్లకు ఎంత కొండెక్కినా అన్నం, పప్పే కావాలి. రెండు పూటలు రొట్టె పెడితే మూడో పూట నా మీద పడతారు. అందుకే పదకొండేళ్ల కింద, నాచారంలో పెళ్లిళ్లకు వండే ఈమెను బతిమాలి వెంట తీసుకెళ్లాను. నాకు చుట్టం కాదు. మొదటి రోజు "అత్తా" అని పిలిచాను, అదే ఖాయమైంది.

ఆమెకు చదువు రాదు. ఏ ఊరు ఎంత ఎత్తులో ఉందో పొయ్యి మీద చూసి చెప్పేది.

"మున్నార్‌ల ముప్పావు గంటకే మెత్తగైంది. సిమ్లాల గంటన్నరైనా పలుకు పోలే. నీళ్లు మసులుతయ్ బిడ్డా, పప్పే ఉడకదు."

ఒకసారి డార్జిలింగ్‌లో పెరుగు తోడుకోలేదు. తను కప్పుకున్న శాలువా తీసి గిన్నెకు చుట్టేసింది. నేను కోప్పడ్డాను.

"నాకేమైతది? పెరుగు లేకుంటే నిన్ను తిడ్తరు" అంది.

పెరుగు గట్టిగా తోడుకుంది. అందరూ రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆమెకు వారం రోజులు దగ్గు పట్టుకుంది.

ముస్సోరీ, నైనిటాల్, డల్హౌసీ, ఊటీ... ఇన్ని తిరిగినా ఆమె ఒక్క పాయింట్ కూడా చూడలేదు.

పొద్దున మీరు జీపులెక్కితే ఆమె హోటల్ వెనక ఉల్లిగడ్డలు కోసేది. మీరు వణుకుతూ తిరిగొచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలి. తింటూ మీరు చెప్పుకునే మాటలు వినేది. ఇంటికొచ్చాక గల్లీలో ఆడవాళ్లు "ఎట్లుండె బాలమణీ" అని అడిగితే ఆ మాటలే తను చూసినట్టు చెప్పేది. మంచులో జారిపడ్డానని కూడా చెప్పిందట. శ్రీను ఒకసారి నవ్వుతూ అన్నాడు.

పదకొండేళ్లలో నన్ను ఒక్కటే అడిగింది. పోయిన మార్చిలో, మనాలిలో.

"ఒక్కసారి మంచు చేత్తో పట్టుకోవాలనుంది బిడ్డా. వంట ముందే చేసి పెట్టి వస్త."

అన్నట్టే గంట కొట్టినట్టు టైముకు వంట ముగించింది. ఒంటి మీద శ్రీను స్వెటర్, నెత్తికి మంకీ క్యాప్. సోలాంగ్ లోయకు వెళ్లే జీపులో ముందు సీట్లో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు కూర్చుంది.

అంతలో, మోకాళ్ల నొప్పి, నేను రాను అని రాత్రి చెప్పిన మన టూర్ పెద్దాయన స్వెటర్ వేసుకుని కిందికి దిగాడు. వస్తానన్నాడు. సీటు లేదు.

ఇంకో జీపు మాట్లాడితే అయిపోయేది. అరగంట లేటయ్యేది, అంతే. కానీ వెనక హారన్లు, అందరూ నన్నే చూస్తున్నారు. నాకు తిక్క లేచింది.

"అత్తా, ఈసారికి దిగు. వచ్చేసారి పక్కా."

దిగి చీర సర్దుకుంది. "మంచిగనే అయింది తియ్. చారు మళ్ల వేడి చేసి పెడ్త" అంది.

ఆ మధ్యాహ్నం మీరంతా ప్లేట్లు పట్టుకుని మంచు ముచ్చట్లు చెబుతుంటే వడ్డిస్తూ విన్నది. నేను ఆ వైపు వెళ్లలేదు. బయట టీ కొట్టులో బిస్కెట్లు తిన్నాను.

నిన్న ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు. పదకొండేళ్ల గ్రూప్ ఫోటోలన్నీ వెతికాను. ఒక్కదాంట్లో లేదు. ప్రతి కొండ ముందూ మిమ్మల్ని నిలబెట్టి తీసింది నేనే కదా, ఎట్లా ఉంటుంది.

చివరికి ఆధార్ కార్డు ఫోటో ఇచ్చాము. రామంతాపూర్ ఫ్లెక్సీ షాపులో అబ్బాయి అడిగాడు. "ఎనక ఏం పెట్టాలె అన్నా? పూలా, మబ్బులా, మంచు కొండలా?"

కొండలే పెట్టమన్నాను.

గల్లీ మొదట్లో కట్టారు. పాడె ఎత్తేముందు పక్కింటి పెద్దమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"గిది నువ్వు మనాలి తోల్కపోయినప్పుడు దిగిందేనా బిడ్డా? మంచుల మస్తు ఆడినా అని చెప్తుండె."

"అవును పెద్దమ్మా. అప్పటిదే" అన్నాను.

శ్రీను పక్కనే ఉన్నాడు. వాడికి నిజం తెలుసు.

అక్కడ నోరు రాలేదు, ఇక్కడ మీకు చెబుతున్నాను. ఆమె మంచు పట్టుకోలేదు. జీపెక్కిన మనిషిని దింపింది నేనే.

మీ ఫోన్లలో ఏ ఫోటో మూలనైనా ఆమె పడి ఉంటే పంపండి. దినాల నాటికి ఫ్రేమ్ కట్టించాలి. చేతిలో గరిటె ఉన్నా, వెనక పొయ్యి ఉన్నా ఫరవాలేదు. కొండలు అక్కర్లేదు.

పోయిరా అత్తా. ఇక ఎవరికీ వండకు.
నిన్నెవరూ దిగమనని చోట నెమ్మదిగా కూర్చో.